అనంతకృష్ణ గారి మంచం

ఎగ్జిబిషన్‌కి రానంటే రానంది వర్ధనమ్మ. ఎగ్జిబిషన్ అంటే ఆవిడ దృష్టిలో జెయింట్ వీలు, మిరపకాయ బజ్జీలు, చెవులు పగిలే మైకు. పక్క వాటాలో ఉండే రాజేశ్వరి అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఇద్దరూ ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో పనిచేసి రిటైరైనవాళ్లు.

"అది ఆ ఎగ్జిబిషన్ కాదు వదినగారూ. పాతకాలపు సామాన్లూ, ఈ కాలం ఆర్టిస్టులు చేసినవీ జతచేసి పెట్టారుట. విశాఖపట్నం నుంచి వచ్చారు. మన నర్సీపట్నానికి ఇలాంటివి రోజూ వస్తాయా? పైగా టికెట్టు కూడా లేదు," అంది.

టికెట్టు లేదన్నాక వర్ధనమ్మ లేచి చీర మార్చుకుంది.

బలిఘట్టం వెళ్లే రోడ్డులో ఒక పాత బెల్లం గోదాము ఉంది. దాన్ని కడిగి, సున్నం వేసి, పైన వరసగా లైట్లు కట్టారు. ఎంత కడిగినా బెల్లం వాసన మాత్రం పోలేదు. వాసన పోకపోతే చీమలు మాత్రం ఎందుకు పోతాయి? అందుకని పాత సామాన్ల కాళ్ల కింద స్టీలు పళ్లేల్లో నీళ్లు పోసి పెట్టారు. ముందు నడుస్తున్న కాలేజీ అమ్మాయిలు ఆ పళ్లేలు కూడా కళే అనుకుని వంగి వంగి ఫొటోలు తీసుకుంటున్నారు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ లోవరాజు వాళ్ల సరదాకి అడ్డుపడలేదు.

పద్ధతేమిటంటే, ఒక పాత వస్తువు, పక్కనే దాన్ని చూసి ఇప్పటివాళ్లు చేసిన కొత్తది. పడక కుర్చీ పక్కన సైకిలు గొట్టాలు వంచి చేసిన కుర్చీ. భోషాణం పక్కన ఏటికొప్పాక లక్క డబ్బాలు మనిషెత్తున పేర్చిన స్తంభం. ఉయ్యాల బల్ల పక్కన గొలుసులకి వేలాడుతున్న గాజు పలక.

"దీని మీద ఎవరు ఊగుతారే?" అంది వర్ధనమ్మ.

"ఎవరూ ఊగకూడదుట. అదే దాని అర్థంట," రాజేశ్వరి బోర్డు చదివి చెప్పింది.

"ఊగకూడనిదానికి గొలుసులెందుకు, దండగ," అని నవ్వుతూ మూల తిరిగింది వర్ధనమ్మ. తిరిగి, అక్కడే నిలబడిపోయింది.

ఎదురుగా ఒక పట్టె మంచం ఉంది. టేకుది. తలవైపు పలక మీద ఎదురెదురుగా రెండు చిలకలు. నాలుగు కోళ్ల మీదా లక్క పూసిన గుబ్బలు. మూడు గుబ్బలు ముదురు మెరూను రంగు, నాలుగోది మాత్రం ఎర్రగా, కొత్తగా ఉంది. ఇల్లు మారినప్పుడు గుబ్బ ఒకటి పగిలితే ఏటికొప్పాక తీసుకెళ్లి చేయించారు. చేసినాయన రంగు సరిగ్గా కలుపుతానని మాటిచ్చాడు. కలవలేదు. కలవలేదని వర్ధనమ్మ నెల్లాళ్లు సణిగింది కూడా.

ఆవిడ చెయ్యి తనంత తానే వెళ్లి ఆ ఎర్ర గుబ్బ మీద ఆనింది.

"అమ్మగారూ, ముట్టుకోకూడదండి. సూడ్డానికేనండి." లోవరాజు కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"చూడ్డానికేనా?" అంది వర్ధనమ్మ చెయ్యి తియ్యకుండా.

"పెద్దసారు గట్టిగా సెప్పారండి, ఎవుల్నీ ముట్టనియ్యొద్దని. మరేటి సెయ్యమంటారు."

చెయ్యి తీసింది. మంచం పక్కన బోర్డు ఉంది. 'పట్టె మంచం. టేకు, నవారు. ఉత్తరాంధ్ర.' అంతే. ఎవరిదో, ఎక్కడిదో ఒక్క ముక్క లేదు. దాని పక్కన కొత్త మంచం ఒకటి వేశారు. తెల్లటి చెక్క, రంగు లేదు, చెక్కడం లేదు, బాగా ఇరుకు. దాని బోర్డు మీద 'ఎవరూ పడుకోని మంచం' అని, కింద లక్ష్మీసాహితి అని ఉంది.

"ఇంత ఇరుకు మంచం ఆడపిల్లల హాస్టల్లో కూడా ఉండదు. దీన్నీ ఆర్టు అంటారు కాబోలు," అంది రాజేశ్వరి. వర్ధనమ్మ వినలేదు.

ప్రదర్శన పెట్టిన ఆర్కిటెక్టు సూర్యప్రకాష్ అప్పుడే ఎవరినో వెంటబెట్టుకుని అటు వచ్చాడు. "ఈ పీస్ బుక్ అయిపోయిందండి. భీమిలి దగ్గర రిసార్టువాళ్లు తీసుకున్నారు. హనీమూన్ గదిలో వేస్తారట. ఆదివారం సాయంత్రం మనం మూసెయ్యగానే లారీ ఎక్కిపోతుంది," అని పట్టె మీద వేళ్లతో టకటక కొట్టి ముందుకి పోయాడు. ఆయన ముట్టుకుంటే లోవరాజు ఏమీ అనలేదు.

ఆటోలో సగం దూరం వచ్చాక వర్ధనమ్మ నోరు విప్పింది.

"అది మా మంచం."

"ఏదీ?"

"చిలకల మంచం. మా వారు పోయినప్పుడు శయ్యాదానం ఇచ్చింది."

పోయినవాళ్ల మంచం, పరుపు, దిండు, గొడుగు, చెప్పులు కర్మల్లో ఒక బ్రాహ్మణుడికి దానం ఇవ్వడం రాజేశ్వరికీ తెలిసిందే. వాళ్ల మామగారప్పుడు బజారులో మడత మంచం కొని ఇచ్చి, పని అయిందనిపించారు.

"అందరూ మడత మంచం చాలన్నారు. మా మరిదిగారైతే బజారుకి బయల్దేరారు కూడా. నేనే ఒప్పుకోలేదు. ఆయనకి కొన్న మంచమా ఇచ్చేది, ఆయన మంచం ఇవ్వండి అన్నాను," అంది వర్ధనమ్మ.

"మంచిపనే చేశారు. ఇచ్చేశాక ఇంక దాని మీద మనసు పెట్టుకోకూడదు."

"పెట్టుకోకూడదని తెలుసు. అది వినాలి కదా."

ఇంటికి వెళ్లాక వర్ధనమ్మ తన మంచం మీద కూర్చుంది. యలమంచిలిలో ఉన్న కూతురు కొనిచ్చిన బాక్సు మంచం అది. లోపల దుప్పట్లు, వెండి సామాను, పాత చీరలు, ఏం కావాలంటే అది పెట్టుకోవచ్చు. పైన పరుపు మందంగా ఉంటుంది. మంచానికి ఇంతకంటే ఏం కావాలని కూతురు అడిగితే ఏమీ చెప్పలేకపోయింది గానీ, ఆ మంచం మీద ఆవిడకి నిద్ర లేదు. మాగన్నుగా కునుకు పడుతుంది, లేస్తుంది, మళ్లీ అటు తిరుగుతుంది. మందులు వాడింది, పాలు తాగింది, టీవీ మానేసింది. ఎవరికీ చెప్పలేదు గానీ ఆవిడకి కావలసింది ఆ చిలకల మంచమే. ఒక్కసారి దాని మీద నడుం వాలిస్తే చాలు. అది ఏ ఊళ్లో, ఎవరి ఇంట్లో ఉందో తెలియనప్పుడు ఆ కోరిక ఒక మూల పడి ఉండేది. ఇప్పుడు ఆటోకి పది నిమిషాల దూరంలో ఉందని తెలిసింది. ఆదివారం దాటితే అదీ ఉండదు.

శనివారం వంట త్వరగా ముగించి, రాజేశ్వరికి చెప్పకుండా ఒక్కతే వెళ్లింది.

జనం పలచగా ఉన్నారు. లోవరాజు ఆవిడని గుర్తుపట్టాడు.

"మళ్లీ ఒచ్చారేటండి? నిన్న సూసింది సాల్లేదా?"

"కాళ్లు లాగుతున్నాయి నాయనా, కాసేపు కూర్చోనిస్తావా?"

లోవరాజు తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆవిడ చూపించిన చోట వేశాడు. ఆ చోటు మంచానికి సరిగ్గా ఎదురుగా ఉంది. "మీరు సెయ్యి మాత్రం ఎట్టకండి. నా ఉద్దోగం ఊడుద్ది," అని చెప్పి పోయాడు.

వర్ధనమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. మంచం మీద పరుపు లేదు, నవారు పట్టీలు బయటికి కనిపిస్తున్నాయి. నవారు కొత్తదే, పాతది ఎప్పుడో పోయి ఉంటుంది. నడిమధ్య కాస్త కుంగింది. నవారు అన్నాక కుంగక మానదు. రెండు నెలలకోసారి ఇద్దరు మనుషులు పట్టుకుని బిగించుకోవాలి. ఆ సంగతి గుర్తొచ్చి ఆవిడ వేళ్లు ఒళ్లోనే ఒకసారి ముడుచుకున్నాయి.

ఇంతలో ఒక అమ్మాయి భుజాన సంచీతో వచ్చింది. పాతికేళ్లు దాటి ఉంటాయి. సంచీ నేల మీద పడేసి, చిలకల మంచం మీద దబ్బున కూర్చుని, క్లిప్పు నోట్లో పెట్టుకుని జుట్టు ముడి వేసుకోవడం మొదలుపెట్టింది. వర్ధనమ్మకి ఒళ్లు మండిపోయింది. ఆవిడ వేలు కూడా పెట్టకూడని మంచం మీద ఈ పిల్ల కాళ్లు ఊపుకుంటూ కూర్చుంది.

"నువ్వు కూర్చోవచ్చా దాని మీద?"

అమ్మాయి క్లిప్పు ముడిలో పెట్టి నవ్వింది. "మా ఇంటిదేనండి మామ్మగారూ. ఆ పక్కన తెల్ల మంచం కూడా నేనే చేశాను. లక్ష్మీసాహితి నా పేరు." లేచి, మంచం కిందికి తొంగి చూసింది. "రిసార్టువాళ్లు ఫొటో చూసి, మధ్యలో కుంగిందన్నారు. ఇప్పుడు బిగించి పంపాలి. లోవరాజు గారూ, ఒక చెయ్యి వేస్తారా?"

గుమ్మం దగ్గర స్కూలు పిల్లల బస్సు ఆగింది. లోవరాజు రెండు చేతులూ అడ్డంగా చాపి వాళ్లని వరసలో నిలబెట్టే పనిలో ఉన్నాడు. "ఉండండమ్మా, ఈల్లు లోపలికొచ్చీసినాక ఒత్తాను," అని అరిచాడు.

వర్ధనమ్మ అప్పటికే లేచి కొంగు నడుముకి దోపింది.

నవారు బిగించడమంటే ఊరికే లాగడం కాదు. కాళ్లవైపు ముడి విప్పి, మొదటి వరస లాగి, అది మళ్లీ జారకుండా ఒకళ్లు అరచేత్తో అదిమి పట్టుకోవాలి. అక్కడ వచ్చిన వదులుని రెండో మనిషి తన వైపు నుంచి అందుకుని పక్క వరసకి లాగాలి. అలా వరస వెంట వరస, చివరిదాకా. మధ్యలో ఒకళ్లు చెయ్యి తీశారా, అంతా మళ్లీ మొదటికే. సాహితి ఒక పట్టెకి పాదం తన్నిపెట్టి లాగింది. వర్ధనమ్మ అవతలి వైపు వంగి అందుకుంది. మోకాళ్లు నొప్పన్న సంగతి మర్చిపోయింది. చెయ్యి మంచానికి ఆనింది, అది చాలు.

"ఎవరమ్మాయివమ్మా నువ్వు?"

"యాజులు గారి అమ్మాయినండి. బలిఘట్టం."

వర్ధనమ్మ చెయ్యి సడలింది.

"వదలకండి మామ్మగారూ, జారిపోతుంది."

మళ్లీ అదిమి పట్టింది. యాజులు గారు. ఆయన మొహం కూడా గుర్తులేదు. ఆ రోజు చూడలేదు. దానం పట్టినాయన మొహం చూడకూడదని పెద్దవాళ్లు చెబితే తల వంచుకునే నిలబడింది.

"ఈ మంచం మీకు ఎవరిచ్చారో తెలుసా?"

"తెలియకపోవడమేమిటండీ? అనంతకృష్ణ గారి మంచం ఇది."

లాగుతూనే అంది సాహితి, మామూలుగా, వీధి పేరు చెప్పినట్టు. "మా ఇంట్లో అన్నీ ఇలా వచ్చినవేగా. ఏది ఏదో తెలియాలంటే పేరు ఉండాలి. ఒకటి కరణం గారి మంచం, ఒకటి డాక్టరు గారి మంచం. ఇది వచ్చిన రోజు నుంచీ నాది. మా అమ్మ పొద్దున్నే మొదలుపెట్టేది, అనంతకృష్ణ గారి మీద పుస్తకాలు తియ్యవే, అనంతకృష్ణ గారి కిందికి దూరి ఊడవ్వే అని."

వర్ధనమ్మ తల ఎత్తలేదు. భర్త పేరు ఆవిడ తన నోటితో ఎప్పుడూ అనలేదు, ఆ తరం ఆడవాళ్లలో చాలామంది అనరు. కూతురికి ఆయన నాన్న. ఆఫీసులోవాళ్లు మీ వారు అనేవాళ్లు, కొన్నాళ్లకి అదీ మానేశారు. పేరుతో పిలిచే స్నేహితులు ఒకరొకరే వెళ్లిపోయారు. ఆ పేరు ఇంకో మనిషి నోట వినడం ఎన్నాళ్లకో. బలిఘట్టంలో ఒక ఇంట్లో మాత్రం ఇన్నేళ్లూ రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు.

"ఆయన మా వారు," అంది.

సాహితి లాగుతున్నదల్లా ఆగి, ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత కిందికి చూసి, చేతిలో ఉన్న వరస పూర్తిచేసింది. ఇంకో వరస కూడా పూర్తిచేసింది. అప్పుడు మాట్లాడింది.

"మీ ఇల్లు నాకు గుర్తుందండి. గేటు పక్కన కరివేపాకు చెట్టు ఉండేది. ఆ రోజు నాన్నతో నేనూ వచ్చాను. రిక్షా మీద మంచం కట్టారు, జారకుండా నేను వెనకాల పట్టుకుని నడిచాను. మేం గేటు దాటగానే మీరు వెనక నుంచి పేడనీళ్లు కొట్టారు. నా గౌను తడిసిపోయింది."

"చిన్నపిల్ల ఉందని చూసుకోలేదమ్మా. అలా చెయ్యాలన్నారు," అంది వర్ధనమ్మ.

"అందరిళ్లలోనూ అలాగే అనేవారండి. మీ ఒక్కరేం కాదు." సాహితి గొంతులో కోపం లేదు. ఉంటే వర్ధనమ్మకి కొంత సుఖంగా ఉండేది. "స్కూల్లో పిల్లలు నాతో బాగానే ఉండేవారు. ఇంటికి మాత్రం రానిచ్చేవారు కాదు వాళ్ల అమ్మలు. మా ఇంట్లో ఎక్కడ కూర్చున్నా పోయినవాళ్ల మీద కూర్చున్నట్టేట. ఒకసారి పుట్టినరోజుకి అమ్మ పులిహోర, రవ్వలడ్డూలు చేసి సాయంత్రం దాకా చూసింది. ఒక్కరూ రాలేదు. అప్పట్నుంచీ నాకు ఒక మంచం కావాలని ఉండేది. కొత్తది. ఎవరూ పడుకోనిది, ఎవరి పేరూ లేనిది." గడ్డంతో తెల్ల మంచం వైపు చూపించింది. "పెద్దయ్యాక నేనే చేసుకున్నాను."

స్కూలు పిల్లలు గాజు ఉయ్యాల చుట్టూ మూగి గోల చేస్తున్నారు. లోవరాజు కేకలు వినిపిస్తున్నాయి. వర్ధనమ్మకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అంత సిగ్గుపడ్డ మనిషి ఆ ముడేదో వేసేసి ఇంటికి పోవాలి. కానీ ఆవిడ పోలేదు. ఇన్నేళ్ల కోరిక, సిగ్గుకి లొంగేలా లేదు.

"అమ్మా సాహితీ, ఒకటడుగుతాను. కాదంటే కాదను. నాకు ఒక్కసారి దీని మీద పడుకోవాలని ఉంది."

"ఎందుకండీ?"

"ఊరికే," అంది.

సాహితి ఆఖరి ముడి వేసి, చేత్తో నవారు మీద కొట్టి చూసింది. గట్టిగా మోగింది. కాదంటుందేమోనని వర్ధనమ్మ కొంగు విప్పి సర్దుకుంది.

"ఇప్పుడైతే కుదరదండి, సూర్యప్రకాష్ గారు చూస్తే గొడవ. రేపు సాయంత్రం మూసేశాక రండి. లారీ వచ్చేలోపల."

ఆదివారం వర్ధనమ్మ మధ్యాహ్నమే తలంటుకుంది. ఎక్కడికని రాజేశ్వరి అడిగితే దాచలేదు.

"దానం ఇచ్చినదాని మీద పడుకుంటారా? వెనక్కి తీసుకున్నట్టే కదా వదినగారూ, ఎంత దోషం!"

"తీసుకోవడం లేదు. పడుకుంటాను, లేచి వచ్చేస్తాను."

"పడుకుంటే ఏమొస్తుంది?"

"నిద్రొస్తుందేమో చూస్తాను," అంది వర్ధనమ్మ చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ.

ఆవిడ వెళ్లేసరికి ఇంకా జనం ఉన్నారు. ఆఖరి రోజని ఊళ్లో సగంమంది వచ్చినట్టుంది. తర్వాత ఆర్టిస్టులందరినీ వరసగా నిలబెట్టి శాలువాలు కప్పారు. సూర్యప్రకాష్ మాట్లాడాడు. పాత వస్తువులకి కూడా ఒక జీవితం ఉంటుందన్నాడు, దాన్ని మనం గౌరవించాలన్నాడు. బోర్డు మీద అనంతకృష్ణ గారి పేరు రాస్తానని సాహితి అడిగితే, పోయినవాళ్ల మంచమని తెలిస్తే ఎవరు కొంటారని కొట్టేసినది కూడా ఈయనే. ఆ మాట సాహితి ఆయన వెనక నిలబడి, చప్పట్లు కొడుతూ, వర్ధనమ్మ చెవిలో చెప్పింది. అందరూ ఫొటోలు దిగారు. ఒకసారి దిగినవాళ్లు వరస మార్చి మళ్లీ దిగారు. బయట లారీ హారన్ మోగింది.

"బేగొచ్చీసింది ఎదవ బండి," అన్నాడు లోవరాజు.

"మంచిదేగా. ముందు మంచం ఎక్కించేద్దాం, భీమిలి చేరాలి," అన్నాడు సూర్యప్రకాష్.

వర్ధనమ్మ సాహితి వైపు తిరిగింది. సాహితి లోవరాజు వైపు చూసింది. లోవరాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నిన్న ఆవిడ తన కుర్చీలో కూర్చుని చూసిన చూపు అతనికి తెలుసు.

"సారూ, ముందు ఆ గాజు ఉయ్యాల కట్టించండి. మంచం ముందెక్కిత్తే గాజుకి సోటుండదు. పగిలిందంటే నన్ననకండి," అన్నాడు.

గాజు మాట వినగానే సూర్యప్రకాష్ కూలీలని వెంటబెట్టుకుని అటు పరిగెత్తాడు. లోవరాజు మూల దగ్గర ఒక అట్ట పలక అడ్డంగా నిలబెట్టి, "బేగి కానియ్యండమ్మగారూ," అన్నాడు.

వర్ధనమ్మ చెప్పులు విడిచింది. మంచం మీద కూర్చుంది. నిన్న తను బిగించిన నవారు ఏ మాత్రం కుంగలేదు. రెండు కాళ్లూ పైకి తీసుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, మెల్లగా వాలింది. తలకింద చెయ్యి పెట్టుకోలేదు. కుడివైపు అంచుకి, ఇంకో అరడుగు జరిగితే కింద పడేంత అంచుకి పడుకుంది. మంచంలో ముప్పాతిక భాగం ఖాళీగా ఉంది.

"మధ్యకి జరగండి మామ్మగారూ, పడిపోతారు," అంది సాహితి. ఆ పిల్ల వచ్చి తన తెల్ల మంచం మీద కూర్చుంది.

"ఇక్కడే బాగుంది."

"నేనూ అక్కడే పడుకునేదాన్ని, ఆ అంచునే," అంది సాహితి. "దానం పట్టిన మంచం మీద ఏడాది దాకా సొంతదారుకి చోటు వదలాలనేవారు నాన్న. ఎవరూ చెప్పింది కాదు, ఆయన పెట్టుకున్న నియమం. ఆ లోపలి పక్క అనంతకృష్ణ గారిది, అటు పోకు అనేవారు. ఏడాది అయిపోయింది. ఇంక జరగచ్చని ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. రాత్రి మెలకువ వస్తే ముందు కాళ్లు చూసుకునేదాన్ని, అటు వెళ్లాయేమోనని. చెల్లెలు వచ్చి పడుకుంటానంటే చోటు లేదని పంపించేశాను. చదువుకి విశాఖపట్నం వెళ్లేదాకా అంచునే పడుకున్నాను. అందుకే ఇది ఇంత ఇరుకుగా చేసుకున్నాను. దీని మీద ఇంకొకళ్లకి చోటు వదలక్కర్లేదు."

వర్ధనమ్మ పైకప్పు రేకుల వైపు చూస్తూ వింది. ఆవిడ పొట్ట కదలడం మొదలుపెట్టింది. సాహితి ఏడుస్తోందనుకుని లేచి దగ్గరికి వచ్చింది. ఆవిడ నవ్వుతోంది. ఆపుకుందామన్నా ఆగడం లేదు, కళ్ల పక్కనుంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి.

"ఏమైందండీ?"

"ఎంత పని చేశామమ్మా నీకు. ఆయన ఈ మంచం మీద ఎప్పుడు పడుకున్నారని?"

సాహితికి అర్థం కాలేదు.

"మా వారికి నడుం నొప్పి. నవారు కుంగుతుంది, కుంగితే ఆయనకి తెల్లారి లేవడం కష్టం. పెళ్లైన కొత్తలోనే దిగిపోయారు. ఇదిగో, ఇక్కడ," అని వర్ధనమ్మ కుడిచెయ్యి మంచం అంచు మీంచి కిందికి వదిలింది. "ఇక్కడ చాప వేసుకుని పడుకునేవారు. పైన నేనొక్కదాన్నే. నాకు నిద్ర పట్టకపోతే ఇలా చెయ్యి కిందికి వేలాడేసేదాన్ని. ఆయన నిద్రలోనే పట్టుకునేవారు. ఇప్పుడు ఇంట్లో ఉన్న బాక్సు మంచం మీంచి చెయ్యి వేస్తే చెక్కకి తగులుతుంది, కిందికి పోదు."

"మరి మంచం ఎందుకిచ్చేశారండీ?"

"చాప ఆయనతోనే శ్మశానానికి వెళ్లిపోయింది. మంచం ఏదని అడిగారు అందరూ. అంతమంది మగవాళ్ల ముందు, మా ఆయన నేల మీద పడుకునేవారండీ, మంచం నాదండీ అని ఎలా చెప్పను? ఆయన మంచమే ఇవ్వండి, కొన్నది వద్దు అని పంతం పట్టి, నాది ఇచ్చేశాను."

అట్ట పలక అవతల గాజు మీద గోనెలు చుట్టమని సూర్యప్రకాష్ అరుస్తున్నాడు. సాహితి మంచం లోపలి పక్క ఖాళీ చోటుని చూసింది. పన్నెండేళ్లు తను జాగ్రత్తగా వదిలిపెట్టిన చోటు అది.

"అయితే అటు ఎవరూ లేరా?"

"లేరమ్మా. ఎప్పుడూ లేరు. పడుకో."

సాహితి చుట్టూ తిరిగి అటువైపు వెళ్లింది. ముందు మోకాలు పెట్టి, ఆగి, తర్వాత ఎక్కింది. చివరి దాకా కాళ్లు చాపింది. ఒక చెయ్యి అటు, ఒక చెయ్యి ఇటు పడేసింది. ఇటు పడేసిన చెయ్యి వర్ధనమ్మ భుజానికి తగిలినా తియ్యలేదు.

లోవరాజు పలక పక్కనుంచి తల పెట్టాడు. "కూలీలు వత్తన్నారండమ్మా."

"వచ్చేస్తున్నాం," అంది సాహితి, లేవకుండానే.

వర్ధనమ్మ కళ్లు మూసుకుంది. చెయ్యి మాత్రం కిందికే వేలాడేసి ఉంచింది.